ఊళ్ళో లంగ్ క్యాన్సర్ స్క్రీనింగ్ క్యాంపు: ఎక్స్‌రే బస్సు తెప్పిస్తే సరిపోద్దా, సీటీ కావాలా?

పలాస_కుర్రోడు
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఊరు. హైస్కూల్లో కలిసి చదువుకున్నోళ్ళం ఏటా సంక్రాంతికి ఊరి కోసం ఏదో ఒకటి చేస్తుంటాం, ఈసారి లంగ్ క్యాన్సర్ స్క్రీనింగ్ క్యాంపు పెడదామని డబ్బులు పోగేశాం. ఎందుకంటే మా వీధిలోనే ఈ మధ్య ఆ జబ్బుతో పోయినోళ్ళున్నారు, అందరికీ తెలిసేసరికే ముదిరిపోయింది. మా దగ్గర మగాళ్ళు బీడీలు చుట్టలు, పెద్ద వయసు ఆడోళ్ళు అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, దానికి తోడు జీడిపిక్కలు కాల్చే చోట పొగ. ఒకాయన ఎక్స్‌రే బస్సు మాట్లాడి పెడతానంటున్నాడు, ఒక్క రోజులో ఊరందరికీ తీసేయొచ్చంట. ఇంకో ఫ్రెండు ఎక్స్‌రే దండగ, సీటీయే తీయించాలి అంటున్నాడు. మాకు ఏటి చేయాలో తెలీట్లేదు, తెలిసినోళ్ళు చెప్పండి.

రేడియోగ్రాఫర్_రాజు
మంచి ఆలోచన తమ్ముడూ, కానీ ఎక్స్‌రేతో లంగ్ క్యాన్సర్ స్క్రీనింగ్ అని మాత్రం బ్యానర్ వేయొద్దు. నేను రోజూ తీసేవి ఇవే కాబట్టి చెప్తున్నా. ఛాతీ ఎక్స్‌రేలో గుండె వెనకాల, కాలర్ బోన్ కింద, డయాఫ్రం వెనకాల ఉన్నది సరిగా కనపడదు, సెంటీమీటరు లోపు గడ్డలు చాలావరకు తప్పిపోతాయి. మనకి కావాల్సింది గడ్డ అంత చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడం కదా. అమెరికాలో పీఎల్‌సీఓ అని పెద్ద ట్రయల్ చేశారు, ఏటా ఎక్స్‌రే తీసినా లంగ్ క్యాన్సర్ చావులు తగ్గలేదని 2011లో తేల్చారు.

పనికొచ్చేది లో డోస్ సీటీ. మామూలు ఛాతీ సీటీలో రేడియేషన్ సుమారు 7 మిల్లీసీవర్ట్ ఉంటే ఇందులో ఒకటిన్నర. ఇంజెక్షన్ ఉండదు, ఖాళీ కడుపుతో రానక్కర్లేదు, చేతులు తలపైకి పెట్టి పడుకుని ఊపిరి ఒక్కసారి బిగబట్టగలిగితే చాలు, పది సెకన్లలో అయిపోద్ది.

పలాస_కుర్రోడు
ఇంజెక్షన్ ఉండదా అన్నా? మాకు అదే పెద్ద భయం. మాది ఉద్దానం కదా, ఇంటికొకరు కిడ్నీ పేషెంట్ అన్నట్టుంటది, సీటీ అంటే రంగు ఇంజెక్షన్ ఇస్తారు కిడ్నీలు పోతాయి అని మావోళ్ళు ముందే వద్దంటారు.

రేడియోగ్రాఫర్_రాజు
స్క్రీనింగ్ సీటీకి కాంట్రాస్ట్, అంటే ఆ రంగు ఇంజెక్షన్, అవసరం లేదు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతున్నా తీయొచ్చు. ఏదైనా గడ్డ కనపడి తర్వాత పూర్తి పరీక్షలకి వెళ్ళినప్పుడు కాంట్రాస్ట్ అడగొచ్చు, అప్పుడు మాత్రం కిడ్నీ రిపోర్ట్ ముందే చూపించాలి. మీ దగ్గర ఇది ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిన విషయం.

మాంచెస్టర్_మాధవి
నేను ఇక్కడ యూకేలో నర్సుని. మా దగ్గర సరిగ్గా మీరనుకున్నట్టే జనం దగ్గరికే బండి తీసుకెళ్ళారు. 2016లో మాంచెస్టర్‌లో సూపర్‌మార్కెట్ కార్ పార్కుల్లో సీటీ బండి పెట్టారు, ఆస్పత్రి మెట్లెక్కని వాళ్ళుండే పేద ఏరియాలు చూసి మరీ పెట్టారు. పేరు కూడా క్యాన్సర్ టెస్ట్ అని పెట్టలేదు, లంగ్ హెల్త్ చెక్ అన్నారు. ముందు నర్సు కూర్చుని మాట్లాడేది, వయసు, ఎన్నేళ్ళు కాల్చారు, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఊది చూసే స్పైరోమెట్రీ, ఆ రిస్కు లెక్క ఒక గీత దాటితేనే పక్కనే ఉన్న బండిలో సీటీ. మొదటి విడతలో సీటీ తీసినవాళ్ళలో ప్రతి 33 మందికి ఒకరికి క్యాన్సర్ దొరికింది, అందులో పదింటికి ఎనిమిది మొదటి రెండు స్టేజీల్లోనే. మామూలుగా అయితే ఈ లెక్క తిరగబడి ఉంటుంది. 2019 నుంచి ఇంగ్లండ్‌లో చాలా చోట్లకి తెచ్చారు, 55 నుంచి 74 ఏళ్ళ మధ్య, ఇప్పుడు గానీ అప్పుడు గానీ పొగ తాగినవాళ్ళని పిలుస్తారు.

కాబట్టి జరగదు అనుకోకండి, కుదురుతుంది. మా చుట్టాల్లో కూడా శ్రీకాకుళం వాళ్ళున్నారు, మీరు రాసింది చదువుతుంటే అడ్డపొగ కాల్చే మా మామ్మే కళ్ళముందు మెదిలింది.

డేటా_వంశీ
మాధవి గారు చెప్పింది నిజమే కానీ ఇంకో వైపు కూడా చూడాలి. లో డోస్ సీటీకి అసలు బలం ఇచ్చింది అమెరికాలో చేసిన ఎన్ఎల్ఎస్‌టీ అనే ట్రయల్, 53 వేల మందికి పైగా, సగం మందికి సీటీ సగం మందికి ఎక్స్‌రే, ఏటా ఒకసారి చొప్పున మూడుసార్లు. సీటీ వైపు లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. తర్వాత 2020లో నెదర్లాండ్స్, బెల్జియం వాళ్ళ నెల్సన్ ట్రయల్‌లో మగవాళ్ళలో పదేళ్ళకి 24 శాతం. ఇవి చిన్న సంఖ్యలు కావు. కానీ ఎన్ఎల్ఎస్‌టీలో అనుమానంగా ఉంది అని వచ్చిన స్కానుల్లో ప్రతి 100కి 96 క్యాన్సర్ కాదు. అది టీబీ పెద్దగా లేని దేశంలో. మన దగ్గర ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్నాయి, ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ మచ్చలు, సున్నం పట్టిన చిన్న చిన్న గడ్డలు ఎంతమంది ఊపిరితిత్తుల్లో ఉంటాయో ఆలోచించండి. ఊరందరికీ సీటీ తీస్తే సగం ఊరు భయంతో వైజాగ్ పరిగెత్తాలి, ఆ ఖర్చెవరిది?

గుంటూరు_సుజాత
వంశీ గారూ మీ లెక్కలు కాదనను. కానీ రెండో వైపు నేను చూశాను. మా నాన్న పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేశారు, చుట్ట కాల్చేవారు. దగ్గు మొదలైంది, మా ఊరికి దగ్గర్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి పైన మచ్చ ఉంది టీబీయే అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ లేదు అని వచ్చింది, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే మాత్రలు, మూత్రం నారింజ రంగులో వచ్చేది, మందు పనిచేస్తోంది అందుకే అలా వస్తోంది అని నాన్న ధైర్యంగా ఉండేవారు. బరువు మాత్రం తగ్గుతూనే ఉంది, లుంగీ నిలవక మొలతాడు బిగించి కట్టుకునేవారు. కోర్సు పూర్తవనివ్వండి అన్నారు, మేం ఆగాం. గొంతు బొంగురుపోయాక వేరే చోటికి తీసుకెళ్తే అప్పుడు సీటీ, బయాప్సీ, నాలుగో స్టేజీ అన్నారు.

అందుకే అడుగుతున్నా, ఏ లక్షణమూ లేనివాళ్ళకి స్కాన్ చేయాలా వద్దా అని ఇంత మాట్లాడుకుంటున్నాం, దగ్గుతూ మన ముందే కూర్చున్న మనిషి సంగతేంటి?

ఊపిరి_డాక్టర్
సుజాత గారూ, మీ పోస్టు చదివి చాలా బాధేసింది. మీ నాన్నగారి లాంటి కథ మా ఓపీలో తరచుగా వింటాను. నేను వైజాగ్‌లో ఛాతీ వైద్యుణ్ణి, కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మన దగ్గర లంగ్ క్యాన్సర్ ఆలస్యంగా తెలియడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇదే. దగ్గు, రక్తపు జీర, జ్వరం, బరువు తగ్గడం రెండింటికీ ఉంటాయి, ఎక్స్‌రేలో నీడ రెండింటికీ ఉంటుంది. ఎక్స్‌రే చూసి టీబీ అని చెప్పకూడదు, తెమడలో క్రిమి చూపించాలి, ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ట్రూనాట్, సీబీనాట్ మిషన్లు ఉన్నాయి, ఉచితం, ఆ రోజో మర్నాడో చెప్పేస్తారు. క్రిమి దొరక్కుండా మందులు మొదలెట్టాల్సి వచ్చింది అనుకోండి, అలా కూడా జరుగుతుంది, తప్పని కాదు. కానీ నెల తిరిగేసరికి జ్వరం తగ్గాలి, ఆకలి పుట్టాలి, బరువు కొంచెమైనా ఎక్కాలి. అవేమీ లేకపోతే కోర్సు అయ్యేదాకా ఆగక్కర్లేదు, సీటీ అడగండి, ముఖ్యంగా నలభై దాటి పొగ అలవాటున్న మనిషైతే. ఒక్కోసారి రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉంటాయి, టీబీ క్రిమి దొరికినా బరువు తగ్గుతూనే ఉంటే మళ్ళీ చూడాల్సిందే.

పలాస తమ్ముడూ, మీరడిగిన దానికి నా సమాధానం. మీ ఊళ్ళో ముందు చేయాల్సింది ఏ లక్షణం లేనివాళ్ళకి స్కాన్ కాదు. దగ్గుతున్నవాళ్ళని వెతికి, వాళ్ళకి సరైన పరీక్ష, సరైన వరసలో, ఆలస్యం లేకుండా చేయించడం. దానికి మీ ఎక్స్‌రే బస్సు బ్రహ్మాండంగా పనికొస్తుంది, స్క్రీనింగ్‌కి పనికిరాని ఎక్స్‌రే లక్షణాలున్న మనిషికి మొదటి మెట్టుగా బాగానే పనికొస్తుంది. అది మామూలుగా వచ్చినా దగ్గు తగ్గకపోతే మాత్రం అక్కడితో ఆగకూడదు.

పలాస_కుర్రోడు
డాక్టర్ గారూ చాలా థాంక్సండి. మరి ఏ లక్షణం లేకుండా బాగా చుట్టలు కాల్చినోళ్ళ సంగతేటి? వాళ్ళకి సీటీ వద్దంటారా?

ఊపిరి_డాక్టర్
వద్దనడం లేదు, ఏరి చేయాలంటున్నా. అమెరికాలో 2021 నుంచి సలహా ఏమిటంటే 50 నుంచి 80 ఏళ్ళు, 20 ప్యాక్ ఇయర్స్, అంటే రోజుకో ఇరవై సిగరెట్ల ప్యాకెట్ చొప్పున ఇరవై ఏళ్ళు, ఇంకా కాలుస్తుండాలి లేదా మానేసి 15 ఏళ్ళు దాటకూడదు. మన బీడీ, చుట్ట, అడ్డపొగ ఆ లెక్కలో సరిగా ఇమడవు. కాబట్టి ఎన్నేళ్ళు, రోజుకెన్ని అని రాసుకుని ఛాతీ డాక్టర్‌తో ఒక్కొక్కరి గురించి మాట్లాడి పంపడం మేలు. ఇంకో మాట, ఆపరేషన్ చేస్తే తట్టుకోగలిగిన మనిషికే స్క్రీనింగ్ అర్థం. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పెద్దాయనకి చిన్న గడ్డ వెతికి పెట్టి ఏం చేస్తాం, ఆయనకి ముందు ఇన్‌హేలర్ ఇప్పించాలి.

డల్లాస్_కిరణ్
మా అమ్మ జీవితంలో పొగ ముట్టలేదు, అయినా లంగ్ క్యాన్సర్ వచ్చింది. మీరంతా పొగతాగేవాళ్ళ గురించే మాట్లాడుతుంటే చెప్పాలనిపించింది. వెన్ను నొప్పి అని ఆర్థోకి చూపించాం, ఎంఆర్ఐలో ఎముకలో కనపడింది, వెతుక్కుంటూ వెళ్తే మూలం ఊపిరితిత్తిలో ఉంది. ఈజీఎఫ్ఆర్ అని జీన్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, రోజుకో మాత్ర, ఇప్పుడు తన వంట తనే చేసుకుంటోంది. కానీ చుట్టాలు ఇప్పటికీ రహస్యంగా అడుగుతారు, మీ నాన్న తాగేవాడా, ఆవిడ ఏమైనా తినేదా అని. ఆ ప్రశ్నకి భయపడే చాలామంది బయటికి చెప్పరు.

ఊపిరి_డాక్టర్
కిరణ్ గారూ, అమ్మగారు అలా తిరుగుతున్నందుకు సంతోషం. మన దేశంలో పొగ అలవాటు లేని ఆడవాళ్ళలో ఇది అరుదు కాదు, వాళ్ళలో ఎక్కువగా వచ్చేది అడినోకార్సినోమా అనే రకం, అందులోనే ఈజీఎఫ్ఆర్ మార్పు తరచుగా కనపడుతుంది. కట్టెల పొయ్యి పొగ, ఊరి గాలిలో కాలుష్యం, క్రషర్ల దగ్గర సిలికా దుమ్ము, ఆస్బెస్టాస్, ఇంట్లో వేరేవాళ్ళు వదిలే పొగ, ఇవన్నీ కారణాలే. తైవాన్‌లో పొగతాగని వాళ్ళకి ఎక్కువ వస్తోందని చూసి 2022 నుంచి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా లంగ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళకి కూడా ప్రభుత్వమే లో డోస్ సీటీ చేయిస్తోంది. మన ఫారాల్లో ఆ ప్రశ్న తప్పకుండా ఉండాలి.

ఆశక్క_వరంగల్
నేను ఆశా వర్కర్ని. మీరు అడుగుతున్న ఫారం మా దగ్గర ఆల్రెడీ ఉన్నది సార్. సీబ్యాక్ అని 30 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నింపుతం. పొగాకు తాగుతరా నములుతరా, రెండు వారాల మించి దగ్గు ఉన్నదా, తెమడల రక్తం పడుతున్నదా, బరువు తగ్గిండ్రా, ఇంట్ల కట్టెలు పెడుతరా పిడకలా గ్యాసా, ఇటుక బట్టీల దుమ్ముల పొగల పనిచేస్తరా, అన్నీ అండ్లనే ఉంటయి. కానీ స్క్రీనింగ్ మాత్రం నోటి క్యాన్సర్, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం గివే మూడు. ఊపిరితిత్తులకు ఏంలేదు. దగ్గు ఉంటే టీబీ దిక్కు పంపుతం, తెమడ నెగెటివ్ వస్తే ఫైల్ క్లోజ్. తర్వాత ఆ మనిషి ఏమైండో ఎవ్వలు అడుగరు.

గందుకే పలాస తమ్మీ, నువ్వు కొత్తగా సర్వే చెయ్యకు. మీ ఊరి ఆశమ్మను, ఏఎన్ఎంను పిలిచి కూసోవెట్టు. ఏ ఇంట్ల ఎవలు దగ్గుతున్నరో మాకు కాయితం చూడకుండనే ఎరుక.

మాంచెస్టర్_మాధవి
ఆశక్కా, మీ మాటే నా మాట. ఇక్కడ కూడా ఉత్తరం పంపితే అందరూ రాలేదు. కాల్చేవాళ్ళు తిడతారేమో అని భయపడతారు, క్యాన్సర్ ఉన్నా నాకు తెలియకపోతేనే నయం అనుకుంటారు. మేము మొదట నేర్చుకునేది ఆ మనిషిని తప్పుపట్టకుండా అడగడం. నువ్వు కాల్చావు కాబట్టే అని ఒక్క మాట అన్నామంటే మళ్ళీ రారు.

పలాస_కుర్రోడు
మా దగ్గర భయం వేరేలా ఉంటది అక్కా. కిడ్నీ జబ్బు మీద ఇన్నేళ్ళలో ఎంతోమంది వచ్చి రక్తం తీసుకెళ్ళారు, తీసుకెళ్ళినోళ్ళలో చాలామంది మళ్ళీ మొహం చూపించలేదు, ఆ రక్తంలో ఏముందో చెప్పలేదు. మా పెద్దమ్మనడిగితే, మళ్ళీ ఏటి తీసుకుపోతార్రా, ఈసారైనా చెప్తారా అంది. ఆ మాట వినీ వినగానే క్యాంపు గురించి ఇంకో మాట మాట్లాడలేకపోయాను.

డేటా_వంశీ
నేను అడగాలనుకున్నది మీ పెద్దమ్మగారే అడిగేశారు. క్యాంపు బడ్జెట్‌లో బస్సు, టెంట్లు, భోజనాలు, ఫ్లెక్సీలకి ఎంత పెట్టారో, రిపోర్టులో తేడా వచ్చిన మనిషిని ఆర్నెల్లపాటు తిప్పడానికి కనీసం అంత పక్కన పెట్టండి. పలాస నుంచి వైజాగ్ దాదాపు 200 కిలోమీటర్లు, పేషెంటు, తోడు ఒక మనిషి, ఛార్జీలు, ఆ రోజు కూలీ పోవడం, రాత్రి ఉండాల్సి వస్తే బస. జనం మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. తేడా వచ్చిందని చెప్పి వదిలేసే క్యాంపు కంటే అసలు పెట్టకపోవడమే నయం అని నా గట్టి అభిప్రాయం.

ఊపిరి_డాక్టర్
వంశీ గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తా. ఎక్కడికి పంపాలో ముందే రాసి పెట్టుకోండి. తెమడ పరీక్ష మీ పీహెచ్‌సీ లేదా సీహెచ్‌సీలో. సీటీకి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి. బ్రాంకోస్కోపీ, అంటే సన్న గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూడటం, అలాంటివి వైజాగ్ ఛాతీ ఆస్పత్రి లేదా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి). క్యాన్సర్ అని తేలితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్ళది. ఆశక్క లాంటి తెలంగాణ వాళ్ళకి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాయితాలు మొదటి రోజే జిరాక్స్ తీయించి ఒక కవర్లో పెట్టి ఇవ్వండి, చూడ్డానికి చిన్న విషయమే, కానీ అవి లేక వెనక్కి వెళ్ళి నెలకి తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు.

బయాప్సీ గురించి కూడా ఊళ్ళో మాట్లాడాలి. సూది పెడితే గడ్డ పాకిపోతుంది అని వద్దనేవాళ్ళు చాలామంది. ముక్క తీయకుండా అది ఏ రకమో తెలీదు, కిరణ్ గారి అమ్మగారికి మాత్ర దొరికింది ఆ ముక్కలో జీన్ టెస్ట్ చేయబట్టే.

చివరగా అడ్డపొగ కాల్చేవాళ్ళకి నోరు చూడటం మర్చిపోకండి. నిప్పు లోపల పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకి అంగిలి మీద క్యాన్సర్ వస్తుంది, మామూలుగా చూసే బుగ్గలు నాలుక చూసి వదిలేస్తే అది తప్పిపోతుంది. తల వెనక్కి వాల్చమని టార్చి వేసి పైకి చూడాలి, కట్టుడు పళ్ళుంటే తీయించాలి. దీనికి ఒక డెంటిస్టు, ఒక టార్చి చాలు.

గుంటూరు_సుజాత
డాక్టర్ గారూ ఒక చిన్న డౌట్, ఎప్పటినుంచో కాల్చేవాళ్ళకి పొద్దున దగ్గు ఎలాగూ ఉంటుంది, మా నాన్న కూడా ఇది చుట్ట దగ్గేలే అనేవారు. ఏ దగ్గుకి భయపడాలి?

ఊపిరి_డాక్టర్
మారిన దగ్గుకి. పాత దగ్గు ఉండే తీరు ఇంట్లోవాళ్ళకి తెలుసు. అది రాత్రిళ్ళు కూడా రావడం, శబ్దం మారడం, తెమడలో ఒక్కసారైనా రక్తపు జీర, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోవడం, భుజం నొప్పి చెయ్యి కిందకి పాకడం, ఒకే వైపు నిమ్ము మళ్ళీ మళ్ళీ రావడం, గోళ్ళు గుండ్రంగా ఉబ్బడం. ఇందులో ఏదున్నా దగ్గు మందు సీసాతో సరిపెట్టొద్దు.

రేడియోగ్రాఫర్_రాజు
సీటీకి పంపేవాళ్ళకి ఇంకోటి చెప్పండి, ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోమనండి. 6 మిల్లీమీటర్ల లోపు గట్టి గడ్డ చాలావరకు ఏడాది తర్వాత మళ్ళీ తీసి పెరిగిందా లేదా చూడమంటారు, నెల్సన్‌లో కూడా అంతే, గడ్డ పెరుగుదల కొలిచే తేల్చారు. అప్పుడు పాత సీడీ పక్కన పెట్టుకుని చూస్తే గానీ తెలీదు. మావాళ్ళు ఫిల్ములు మంచం కింద చుట్టి పెడతారు, ఏడాదికి చెదలు పడతాయి.

పలాస_కుర్రోడు
నిన్న రాత్రి మా గ్రూపు కాల్ అయింది. ఊరందరికీ ఎక్స్‌రే అనే మాట తీసేశాం. ముందు ఆశా అక్కలతో, ఏఎన్ఎం మేడంతో కూర్చుని దగ్గు ఉన్నోళ్ళు, టీబీ మందులు వాడుతూ కూడా బరువు తగ్గుతున్నోళ్ళు, బాగా చుట్టలు కాల్చే యాభై దాటినోళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చినోళ్ళ లిస్టు రాస్తాం. బస్సు వాళ్ళ కోసమే వస్తది, ఎక్స్‌రే చూడ్డానికి ఛాతీ డాక్టర్ ఆ రోజే అక్కడ ఉండాలని షరతు పెట్టాం. ఏ లక్షణం లేని చుట్ట మనుషుల్లో ఎవరికి సీటీ అనేది ఆయనే తేలుస్తాడు. ఫ్లెక్సీలు, మైకు, సన్మానాలు కొట్టేశాం, ఆ డబ్బు ఛార్జీలకి. ఇద్దరు కుర్రోళ్ళు ఊళ్ళోనే ఉంటారు, తేడా వచ్చిన ప్రతి మనిషి పేరు పక్కన వాళ్ళలో ఒకరి పేరు రాస్తాం, ఆ మనిషి చికిత్స మొదలయ్యేదాకా లేదా ఏమీ లేదని తేలేదాకా వాళ్ళదే బాధ్యత. చుట్ట మానాలనుకునేవాళ్ళ కోసం ఏమైనా ఉందా?

ఊపిరి_డాక్టర్
కేంద్ర ప్రభుత్వ క్విట్ లైన్ 1800-11-2356, టోల్ ఫ్రీ. ఆ నంబరు ఎక్స్‌రే కవర్ మీదే ముద్రించండి. తేదీ ఖరారు చేసి నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారమైతే నేనే వస్తాను.

ఆశక్క_వరంగల్
తమ్మీ, తెమడ డబ్బాలు ముందు రోజు సాయంత్రమే ఇంటింటికి పంచిపియ్యి. పొద్దుగాల లేచినంక పుక్కిలించి, లోపలికెల్లి దగ్గి తీసిన తెమడే పనికొస్తది, క్యాంపు కాడ నిలబెట్టి తియ్యమంటే అందరు ఉమ్మే ఇస్తరు. డబ్బా మీద పేరు రాయి, మూత మీద కాదు, మూతలు మారిపోతయి.

పలాస_కుర్రోడు
రాసుకున్నాను అక్కా. డాక్టర్ గారూ, ఆదివారం మా దగ్గర సంత, జనం దొరకరు. సోమవారం సెలవు పెట్టగలరా?